కుక్కపిల్ల ముందు నిలబడ్డ మనిషి

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆయన పోయిన కబురు పొద్దున్నే వచ్చింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. వాటి మధ్య, ఈమధ్యే అద్దెకు దిగిన ఎవరో, ఆయన గొప్ప జంతుప్రేమికుడని, ఇక్కడ కుక్కల్ని ఉండనిచ్చింది ఆయనేనని రాశారు. అది చదివి ఫోను పక్కన పెట్టేశాను. ఆయనకు కుక్కలంటే ప్రేమ లేదు. ఉన్నది ప్రాణభయం. ఆ భయాన్ని నేను దగ్గర నుంచి చూశాను గనక ఇది రాస్తున్నాను.

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్‌కి ఆయన సెక్రటరీ. ప్రొద్దుటూరు వైపు మనిషి. అక్కడ సిమెంటు వ్యాపారం చేసి, దాన్ని తమ్ముళ్లకు వదిలేసి, భార్యతో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. పొద్దున నడకకు కూడా పొడుగు చేతుల తెల్లచొక్కానే. మెడ వెనక కాలరు మాయకుండా చేతిరుమాలు మడిచి పెట్టుకునేవాడు. ఎవరింటికి వచ్చినా గడప బయటే నిలబడి, రెండు చేతులూ చంకల్లో దోపుకుని మాట్లాడేవాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపేవాడు. అది గర్వమని చాలామంది అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

నీళ్ల ట్యాంకర్ రాలేదని, ఒకరి పార్కింగులో ఇంకొకరు బండి పెట్టారని రోజూ ఏదో ఒక గొడవ ఆయన దగ్గరికి వెళ్లేది. వచ్చిన మనిషి చేతులు తిప్పుతూ, అటూ ఇటూ తిరుగుతూ అరుస్తుంటే ఆయన ఒకటే మాట అనేవాడు. "నిలబడి మాట్లాడప్పా." అంతే. ఆ మనిషి ఒకచోట నిలబడేదాకా బదులు చెప్పేవాడు కాదు. పెద్ద కంపెనీల్లో పదిమందిని ఆడించేవాళ్లు కూడా ఆయన ముందు కాళ్లు కూడదీసుకుని నిలబడేవారు.

ఇక మా ఇంటి సంగతి. నార్సింగి సర్వీసు రోడ్డు పక్కన కట్టుబడి జరుగుతున్న చోట ఒక తల్లికుక్క టిప్పర్ కింద పడి చచ్చిపోయింది. దాని పిల్లల్లో ఒకటే మిగిలింది. మా ఆయన, మా అమ్మాయి నిత్య కలిసి దాన్ని అట్టపెట్టెలో ఇంటికి తెచ్చారు. అప్పటికి సరిగ్గా నడవడం కూడా రాదు. గోధుమ రంగు, గుండ్రటి ఒళ్లు చూసి నిత్య దానికి పకోడీ అని పేరు పెట్టింది. కొన్ని వారాలు అది మా ఇంట్లో అందరికీ ముద్దే.

పళ్లు వచ్చాక మొదలైంది. సూదుల్లాంటి పాలపళ్లు. చెయ్యి కనబడితే చెయ్యి, పాదం కదిలితే పాదం. సాయంత్రం అయిందంటే దానికి పూనకం వచ్చేది. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తి, సోఫా ఎక్కి, దూకి, నా నైటీ అంచు పట్టుకుని వేలాడేది. విదిలిస్తే ఇంకా గట్టిగా పట్టుకునేది. నిత్య కిందకు కాళ్లు పెట్టకుండా డైనింగ్ టేబుల్ మీద కూర్చుని హోంవర్కు చేసేది. తన ముంజేతుల నిండా గీతలు. క్లాసులో టీచరు అడిగితే గులాబీ ముళ్లు గీసుకున్నాయని అబద్ధం చెప్పిందట. మా ఆయన పేపరు చుట్టి ముక్కు మీద కొట్టి చూశాడు. ఆ రోజు నుంచి పేపరు కనబడితే చాలు, అది పళ్లు బయటపెట్టి గుర్రుమనేది.

నార్సింగిలో ఒక పశువుల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. ఆమె నా చేతులు చూసి విషయం గ్రహించింది. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఉంటే, గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుందని, ఎంత కొరకొచ్చో పిల్లలు అలాగే నేర్చుకుంటాయని, దీనికి ఆ చదువు దక్కలేదని చెప్పింది. కొట్టొద్దు, అరవొద్దు, చెయ్యి గబుక్కున లాక్కోవద్దు. పళ్లు తగలగానే కదలకుండా నిలబడండి, అవసరమైతే గదిలోంచి వెళ్లిపోండి. కొరకడానికి చల్లటి క్యారెట్టో, తడిపి గడ్డకట్టించిన తువ్వాలో ఇవ్వండి. ముఖ్యంగా నిద్రపుచ్చండి, నిద్ర చాలని పసిపిల్లకూ దీనికీ తేడా లేదు అంది.

వినడానికి తేలికే. పిక్కలో పళ్లు దిగినప్పుడు కదలకుండా ఉండడం మాలో ఎవరివల్లా కాలేదు. నేను అరిచేదాన్ని, నిత్య పరిగెత్తేది, మా ఆయన మీటింగులో ఉండి మైకు ఆపేసి నా మీద విసుక్కునేవాడు. పకోడీకి ఇదంతా పెద్ద ఆట.

ఒక ఆదివారం లిఫ్టు దగ్గర జరిగింది అసలు ప్రమాదం. ఐదో అంతస్తులో ఉండే చిన్నపాప, నాలుగేళ్లుంటాయి, పకోడీని చూసి కేకేసి పరిగెత్తింది. పకోడీ నా చేతిలోంచి తాడు లాక్కుని వెంటపడి పాప పిక్క కొరికింది. నెత్తురు వచ్చింది. పాప తండ్రి పుప్పాలగూడ ఊరివాడే. ఈ అపార్ట్‌మెంట్ లేచిన నేలలో వాళ్ల తాతల పొలం కూడా ఉందంటారు. అతను నన్ను ఒక్క మాటా అనకుండా పాపను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. మధ్యాహ్నానికి గ్రూపు మండిపోయింది. కుక్కను పంపించెయ్యాలి, లేదా మేం ఖాళీ చెయ్యాలి. మా ఆయన కూడా రాత్రి లోపల ఏదైనా కుక్కల ఆశ్రమానికి ఇచ్చేద్దాం అన్నాడు. నిత్య అన్నం ముట్టలేదు.

సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే సెక్రటరీ గారు. నేను నోరు తెరిచే లోపే పకోడీ నా కాళ్ల సందులోంచి దూసుకుపోయి ఆయన మీదకు ఎగిరింది.

ఆయన కదల్లేదు. చేతులు చంకల్లోనే ఉన్నాయి. కళ్లు పైకప్పు వైపు తిరిగాయి. ముఖంలో రంగు మొత్తం దిగిపోయింది. పకోడీ ఆయన ప్యాంటు అంచు పట్టి లాగింది, మోకాళ్ల మీద కాళ్లు పెట్టి ఎగిరింది, మొరిగింది. ఆ మనిషి ఊపిరి కూడా తీసుకున్నట్టు లేదు. కణత మీంచి చెమట కారి కాలరులోకి పోతోంది. అది పట్టు వదిలింది. ఒకసారి ఆయన చుట్టూ తిరిగింది. ఏం చెయ్యాలో తోచనట్టు చూసి, ఆయన బూట్ల ముందు కూర్చుంది.

ఆయన మెల్లగా కళ్లు దించాడు. "ఏమప్పా, ఐపోయిందా?" అన్నాడు దానితో.

నేను దాన్ని ఎత్తుకుని లోపల గదిలో పెట్టి వచ్చాను. అది ఎందుకు ఊరుకుండిపోయిందని అడిగాడు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. మీరు చేసినట్టు ఇంట్లో ఎవరం చెయ్యలేకపోతున్నామన్నాను. "నేనేం చెయ్యలేదు మా. బిగుసుకుపోతిని" అన్నాడు. మంచినీళ్లు అడిగి, గడప బయటే నిలబడి తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు మీటింగు పెట్టారు. కింద హాలులో కుర్చీలు సరిపోక జనం గోడల వెంట నిలబడ్డారు. పాప తండ్రి లేచి, సూదులు వేస్తుంటే పాప ఎలా ఏడ్చిందో చెప్పాడు. అతని మాటల్లో ఒక్కటి కూడా తప్పని నేను అనలేను. సెక్రటరీ గారు అంతా విని దసరా దాకా గడువు అడిగాడు.

"మా పాపను కరిచినంక ఇంక గడువేంది సార్?" అన్నాడు పాప తండ్రి.

"నువ్వు చెప్పేది న్యాయమే. కానీ నేను చూడకుండా పంపించమని చెప్పలేనప్పా. రోజూ పోయి చూస్తా. దసరాకు ఇదే మాదిరి ఉంటే నా కారులో నేనే ఎక్కించుకుని పోతా. మళ్లా ఎవురూ అడగాల్సిన పని లేదు."

తర్వాత నా వైపు తిరిగి, అందరూ వినేలా అన్నాడు. "నీకు మంచి జేస్తాండానని అనుకోవద్దు మా. మాట అంటే మాటే."

అలా ప్రతి సాయంత్రం ఆరింటికి ఆయన మా గడప దగ్గరకు రావడం మొదలైంది. మధ్యాహ్నం పకోడీని వంటింటి పక్క యుటిలిటీలో చీకటి చేసి నిద్రపుచ్చేదాన్ని. లేచాక క్యారెట్టు ఇచ్చేదాన్ని. తర్వాత తాడు కట్టి హాల్లోకి తెచ్చేదాన్ని. ఆయన రాగానే అది ఎగిరేది. ఆయన బిగుసుకుపోయేవాడు. అది కూర్చున్నాక, "ఏమప్పా, ఐపోయిందా?" అని అడిగేవాడు. నేను దానికి ఇంత ఉడకబెట్టిన కోడిముక్క పెట్టేదాన్ని. ఆయన రుమాలు తీసి ముఖం తుడుచుకునేవాడు. ఒక్క రోజు కూడా దాన్ని ముట్టుకోలేదు. బాగుంది అనలేదు. చెమట పట్టని రోజు లేదు.

ఆయన్ని చూసి మేమూ నేర్చుకున్నాం. నిత్య అచ్చం ఆయనలాగే చేతులు చంకల్లో పెట్టి, పైకప్పు చూస్తూ, గొంతు సవరించుకుని నిలబడేది. ఇంట్లో అరుపులు తగ్గాయి. పకోడీ నా చెయ్యి నోట్లోకి తీసుకుని, పళ్లు బిగించబోయి ఆగి, నా ముఖంలోకి చూసిన రోజు నాకు గుర్తుంది. ఆ చూపులో ఒక ఆలోచన ఉంది.

అంతా సర్దుకుంటోందనుకున్నప్పుడు ఆయన్నే కరిచింది. ఆ రోజు కింద డ్రిల్లింగు మిషను మోగుతోంది, మధ్యాహ్నం నిద్ర లేదు. నేను దాన్ని బయటకు తేకుండా ఉండాల్సింది. ఆయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. పై అంతస్తులో ఏదో దబ్బుమని పడింది. ఆయన ఉలిక్కిపడ్డాడు, చెయ్యి చంకలోంచి జారింది. పకోడీ ఎగిరి బొటనవేలు పట్టుకుంది. ఆయన చెయ్యి లాక్కోలేదు. కళ్లు మూసుకుని అది వదిలేదాకా అలాగే ఉన్నాడు. వదిలాక మొదటిసారి మా ఇంట్లోకి అడుగుపెట్టి, సింకు దగ్గర సబ్బుతో ఆ వేలు కడుగుతూ చాలాసేపు నిలబడ్డాడు. నేను ఏడుస్తూ క్షమించమంటున్నాను. ఆయన అద్దంలో తన ముఖాన్ని చూసుకుంటున్నాడు.

ఆ రాత్రే గ్రూపులో ఆయనే రాశాడు. ఈ రోజు నన్ను కరిచింది, సూది వేయించుకున్నాను, గడువు మాత్రం అట్లే ఉంది అని.

మర్నాడు పొద్దున ఆయన భార్య వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి. గుమ్మంలో నిలబడి, "మా ఆయన్ను నీ కుక్కకు ఆటబొమ్మ జేసినావా?" అంది. ఆమెను కూర్చోబెట్టడానికి నాకు చాలా సేపు పట్టింది. అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు ఆయన్ని ఊళ్లో ఒక కుక్క కరిచింది. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ సూదులు వేసేవారు. అదొక్కటే అయితే మర్చిపోయేవాడేమో. ఆయన ఏడుస్తూ ఇంటికొచ్చి చెప్పగానే మగవాళ్లు కట్టెలు, రాళ్లు తీసుకుని బయలుదేరారు. ఆయన్ని వెంట తీసుకెళ్లి, ఏ కుక్కో చూపించమన్నారు. చూపించాడు. ఆయన ముందే కొట్టి చంపారు.

"అది పిచ్చిదో కాదో ఎవురూ చూళ్లేదు మా. ఈయప్ప పరిగెత్తినాడు, అది కరిచింది. ఇప్పటికీ నిద్దట్లో లేచి కూచుంటాడు. రెండిండ్ల అవతల కుక్క ఉంటే పెండ్లికి కూడా పోడు" అంది.

నేను ఆమెతో, ఇక రావద్దని ఆయనకు చెప్పమన్నాను. దసరా దాకా ఆగకుండా పకోడీని ఇచ్చేస్తామన్నాను. నిజంగానే ఆ మాట మీద ఉన్నాను. ఆమె వెళ్లి చెప్పింది. ఆరింటికి బెల్లు మోగింది. బొటనవేలికి కట్టుతో ఆయన గడప బయట నిలబడి ఉన్నాడు. భార్య వచ్చిన సంగతి గాని, నేను చెప్పి పంపిన మాట గాని ఎత్తలేదు. "దాన్ని తీసుకురా మా" అన్నాడు.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున ఫోను చేసి, సాయంత్రం పకోడీని కిందకు తీసుకురమ్మన్నాడు. వాకిలి నిండా జనం ఉంటారు, పాటలు మోగుతాయి, పిల్లలు పట్టులంగాలతో పరిగెత్తుతారు, అక్కడికి వద్దు సార్ అన్నాను. "ఇంట్లో కరవకపోతే చాలదు మా. పిల్లోల్లు ఉండే చోట నేను చూడాల. గడువు ఐపోతాంది" అన్నాడు. తాడు రెండు చేతులతో పట్టుకోమని, జనంలోకి రావద్దని, పార్కింగు ర్యాంపు పక్కన ఒక మూల నిలబడమని చెప్పాడు.

అలాగే నిలబడ్డాను. తాడు అరచేతికి చుట్టుకున్నాను. బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. స్పీకర్ల మోతకు పకోడీ ఒళ్లు వణుకుతోంది, చెవులు వెనక్కి వాలిపోయాయి. సెక్రటరీ గారు మాకు కాస్త దూరంలో ఉన్నాడు. పాప తండ్రి అవతల నుంచి మమ్మల్నే చూస్తున్నాడు. ఇంకాసేపు చూసి పైకి వెళ్లిపోదామనుకున్నాను.

గాలిబుడగ ఒకటి ర్యాంపు వైపు దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనక ఐదో అంతస్తు పాప. మమ్మల్ని చూడలేదు. తాడు కుదించుకునే లోపే లంగా కాళ్లకు అడ్డం పడి సరిగ్గా మా ముందు బోర్లా పడింది. పకోడీ ఎగిరి ముందుకాళ్లు రెండూ పాప వీపు మీద పెట్టింది. పాప తల్లి కేక వినబడింది. నేను బలంగా లాగితే దాని పళ్లు దిగి పాప ఒళ్లు చీరుకుపోతుందేమోనని భయం, లాగకపోతే ఇంకో భయం.

"రాయి" అన్నాడు సెక్రటరీ గారు. అరవలేదు. మామూలుగానే అన్నాడు.

ఆ మాటకు పాప చేతులు రెండూ మెడ మీదకు తెచ్చుకుని, మోకాళ్లు ముడుచుకుని, ముఖం దాచుకుని కదలకుండా అయిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. మా ఇంటికి వచ్చే ముందు ఆయన రోజూ ఆటస్థలంలో పిల్లలందరినీ పోగేసి ఒక ఆట ఆడిస్తున్నాడట. కుక్క వస్తే నిలబడినవాళ్లు స్తంభం, పడినవాళ్లు రాయి. ముందు కదిలినవాళ్లు ఓడిపోయినట్టు. పాపకు ఆ ఆటలో ఓడిపోవడం ఇష్టం లేదట.

పకోడీ పాప లంగా అంచు పళ్లతో పట్టుకుంది. ఒకసారి లాగింది. ఆగింది. వదిలేసింది. పాప జడలోని బంతిపూలు వాసన చూసి, తుమ్మి, వెనక్కి వచ్చి కూర్చుంది. నేను తాడు దగ్గరగా చుట్టుకున్నాను.

అప్పుడు ఆయన వచ్చి పాపకూ దానికీ మధ్య గొంతుక్కూర్చున్నాడు. పాపను లేపాలంటే దాని వైపు వీపు పెట్టాలి. పెట్టాడు. పకోడీ మెడ చాచి, ఆ తెల్లచొక్కా మీద తడి ముక్కు ఆనించి అలాగే ఉంచింది. ఆయన వెన్ను బిగుసుకుపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. అయినా పాప ఒంటి మీద దుమ్ము దులిపి, మోచేతులు తిప్పి చూసి, "గెలిస్తివి" అని చెప్పేదాకా లేవలేదు.

పాప తండ్రి వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు. కాళ్లు, చేతులు, వీపు అంతా చూశాడు. ఎక్కడా గీత లేదు. తర్వాత సెక్రటరీ గారితో, "నాకైతె భయం పోలె సార్. గని ఉండనియ్యుండ్రి" అన్నాడు. సెక్రటరీ గారు తల ఊపాడు. వీపు మీద తడి మరకతో లిఫ్టు వైపు వెళ్లిపోయాడు.

దసరా వెళ్లాక ఆయన రావడం మానేశాడు. పకోడీకి పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వచ్చాయి, కొరకడం పోయింది. తర్వాత ఒక ఏడాదికి ఆయన ఆరోగ్యం పాడై సెక్రటరీ పని కూడా వదులుకున్నాడు.

నేను ఆయన్ని ఆఖరుసారి చూసింది మా గేటు అవతల, కొత్త టవర్లు లేస్తున్న వీధిలో. సాయంత్రం నడకకు పకోడీని తీసుకుని వస్తున్నాను. ఆయన ఒక కరెంటు స్తంభం పక్కన ఆగిపోయి ఉన్నాడు. ముందు రోడ్డు మీద వీధికుక్కలు పడుకుని ఉన్నాయి. వాటిని దాటి గేటు దగ్గరకు రావాలి. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డాడో తెలియదు, చొక్కా తడిసిపోయింది. నేను పక్కన నిలబడి, కలిసి నడుద్దామా సార్ అన్నాను. పకోడీని అటు చివరకు మార్చుకోబోతే ఆపాడు. "దాన్ని నా పక్క నడవనీ మా. నువ్వు ఈ పక్కకు రా" అన్నాడు.

ముగ్గురం కుక్కల్ని దాటాం. పకోడీ ఆయన కాలికి ఆనుకున్నట్టే నడిచింది. వాటిల్లో ఒకటి తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. గేటు లోపలికి వచ్చాక ఆయన గొంతు సవరించుకుని, ఎప్పటి నుంచో అడగాలనుకున్న మాటలా అడిగాడు.

"ఇదేమన్నా నన్ను చూసి భయపడతాదా మా?"

లేదు సార్, మిమ్మల్ని చూస్తే దానికి సంతోషం అన్నాను. ఆయన పకోడీ వైపు కాసేపు చూశాడు.

"అయితే బాగుంది" అన్నాడు. "మా ఇద్దరిలో ఒకరన్నా భయం లేకుండా ఉండారు."